మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్

వడ్రంగి రంపముతో కొయ్య కోయుచుండఁగా నిలిచి చూడని బాలుఁడుండఁడు. చూచువాని కన్ను రంపపు పండ్లమీఁదనే యుండును. పండ్లు వాఁడిగా నున్నచో కొయ్య దానంతట తెగునని యతఁడు తలఁచును. పనిలో చేయి తిరిగిన వడ్రంగి మాత్రము మొదట అలుఁగు చట్రములో బిగువుగా నున్నదా లేదా యని చూచుకొనును. అలుఁగు వదులైనచో పండ్లెంత వాఁడివైనను కోఁత వంకరపోవును. ఒక్కొక్కప్పుడు అలుఁగు విఱిగి చేతికి గాయమగును. కోయవలసిన కొయ్య కదలినను అంతియే. చేతితో లాగు రంపమునకే యింత జాగ్రత్త కావలసియుండఁగా, ఆవిరి బలముచేతనో విద్యుచ్ఛక్తిచేతనో గిరగిర తిరుగు రంపమునకు పట్టు ఎంత గట్టిదై యుండవలెనో యూహింపవచ్చును. అలుఁగును కదలకుండ పట్టుట యెట్లు, కొయ్యను కదలకుండ నిలుపుట యెట్లు అను నీ ప్రశ్నలతో జీవితమంతయు గడపిన మహాశిల్పి మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్. ఇతని కుమారుఁడైన ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ పెద్ద వంతెనలను, రైలుమార్గములను, ఓడలను నిర్మించి తండ్రికంటె నెక్కువ పేరు పొందెను. కాని కొడుకునకు పని నేర్పిన గురువు తండ్రియే.

ఫ్రాన్సు దేశమున నార్మండీ యను సీమ కలదు. అందు ఆక్‌విల్ అను పల్లెలో 1769వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీని మార్క్ జన్మించెను. తండ్రి కలిగిన రైతు. అట్టి కుటుంబములలో పెద్దకొడుకు భూములు చూచుకొనుటయు, రెండవవాఁడు మతగురువగుటయు నాఁటి వాడుక. మార్క్ రెండవవాఁడగుటచేత తండ్రి యతనిని గురుత్వమునకే నిర్ణయించెను. బాలునకు లాటిను పాఠములు రుచింపలేదు. అతఁడు సందు దొరికినప్పుడెల్ల ఊరి వడ్రంగి దుకాణమున నుండెడివాఁడు, చిత్రములు గీయుచుండెడివాఁడు. ఒకనాఁడు ఒక అంగడిలో క్రొత్త పనిముట్టొకటి కంటఁబడఁగా, చేత డబ్బు లేనందున తన టోపీని కుదువపెట్టి దానిని కొనెనని చెప్పుదురు. తండ్రికి కోపము వచ్చినదనుట వేఱుగా చెప్పనక్కఱలేదు.

పదునొకండవ యేఁట అతనిని రువాన్ నగరమునందలి మత పాఠశాలకు పంపిరి. అచ్చటి అధ్యక్షుఁడు వివేకి. ఈ పిల్లవాఁడు గురుత్వమునకు తగఁడనియు, వీని చేతిలోను కంటిలోను వేఱొక విద్య కలదనియు గ్రహించి తండ్రికి నచ్చఁజెప్పెను. మార్క్ ఆ నగరమందే కార్పెంటియే యను బంధువునింట నుండి గణితమును, చిత్రలేఖనమును, నౌకాశాస్త్రమును అభ్యసించెను. 1786లో నౌకాదళమున చేరి ఆఱు సంవత్సరములు పశ్చిమ ఇండియా దీవుల ప్రాంతమున సంచరించెను. సముద్రమున ఓడ యెచ్చట నున్నదో సూర్యుని యెత్తునుబట్టి కనుఁగొను సాధనమును అతఁడు స్వహస్తముతో చేసికొని వాడుకొనుచుండెను.

1792లో అతఁడు స్వదేశమునకు తిరిగివచ్చునప్పటికి ఫ్రాన్సు విప్లవాగ్నిలో మండుచుండెను. మార్క్ రాజపక్షపాతి. వయసు చిన్నది, నోరు పెద్దది. 1793 జనవరి నెలలో పారిస్ నగరమున ఒక కాఫీ అంగడియందు విప్లవ నాయకులను నిందించుచు మాటాడి, ప్రాణములు దక్కించుకొనుటకై రువాన్ నగరమునకు పాఱిపోవలసినవాఁడయ్యెను. బంధువు గృహమున తలదాఁచుకొన్న యా దినములలోనే సోఫియా కింగ్‌డమ్ అను ఆంగ్లకన్య అతనికి పరిచితురాలయ్యెను. ఆమె ఇంగ్లండులోని ప్లిమత్ నగరమునకు చెందినది, తలిదండ్రులు లేనిది, ఫ్రెంచి భాష నేర్చుకొనుటకై ఆ యింటికి వచ్చియుండెను. ఇరువురును పరస్పరము వివాహమునకు నిశ్చయించుకొనిరి. కాని రువాన్ కూడ అతనికి క్షేమకరము కాకపోయెను. 1793 జూలై నెలలో అమెరికా దేశపు ఓడ యెక్కి అతఁడు వెడలిపోయెను. నడిసముద్రమున ఒక ఫ్రెంచి యుద్ధనౌక వీరి ఓడను ఆపెను. అప్పుడు మార్క్ తన అనుమతిపత్రమును రేవులోనే మఱచివచ్చినట్లు తెలిసికొని, చిత్రకారుని చేయి గనుక, అచ్చముగా నట్టి పత్రమునే గీసి చూపి తప్పించుకొనెను. ఆ పని న్యాయమైనది కాదు. కాని చిక్కినచో అతని తల దక్కెడిది కాదు.

సోఫియా ఫ్రాన్సులోనే చిక్కుకొనెను. ఇంగ్లండుతో యుద్ధము మొదలైనందున ఆంగ్లేయురాలను కారణముచేత ఆమెను బంధించి గ్రావ్లీన్ అను పట్టణమున ఒక సన్యాసినీ మఠమందుంచిరి. అదియే కారాగృహము. తోడివారిని ఒక్కొక్కరినే వధ్యస్థానమునకు తీసికొనిపోవుచుండఁగా, రేపు తన వంతేమోయని ఆమె నెలలు గడపెను. 1794 జూలై నెలలో రాబెస్పియర్ పతనమైన పిమ్మట ఆమెకు విడుదల కలిగెను. 1795లో ఆమె లండను చేరెను. సముద్రమున కావలియొడ్డున మార్క్, ఈవలియొడ్డున సోఫియా. జాబులు తప్ప ఆధారము లేదు. ఇట్లు మఱి నాలుగేండ్లు గడచెను.

అమెరికాలో మార్క్ అడవులను కొలిచెను, కాలువలకు దారులు పన్నెను. 1796లో ఆ దేశ పౌరుఁడయ్యెను. న్యూయార్కు నగరమునకు ముఖ్య శిల్పి యయ్యెను. 1798లో ఒకనాఁటి రాత్రి అలెగ్జాండర్ హామిల్టన్ అను ప్రసిద్ధ రాజకీయజ్ఞుని యింట విందు జరుగుచుండఁగా, ఇంగ్లండు నౌకాదళమునకు కప్పీల కొఱఁత కలదను ప్రసంగము వచ్చెను. ఆ మాట మార్క్ జీవితమును మలుపు త్రిప్పినది.

కప్పీ యనఁగా నేమో మనకు తెలియును. బావిలోని నీరు తోడుటకు త్రాడు దేనిమీఁదుగా నడచునో అదియే. తెరచాపల యోడలో తెరచాపలను ఎత్తుటకు, దించుటకు, త్రిప్పుటకు, ఫిరంగులను లాగుటకు కప్పీలే సాధనములు. ఒక్కొక్క పెద్ద యుద్ధనౌకకు ఇంచుమించు 1000 కప్పీలు కావలెను. నౌకాదళమంతటికి సంవత్సరమునకు లక్ష కప్పీలు పట్టుచుండెను. మందమైన కొయ్యదిమ్మెను గుండ్రముగా చెక్కి, నడుమ గాడి తొలిచి, అందు ఒక కొయ్యచక్రమును అమర్చి, ఇరుసు దూర్చవలెను. ఇదంతయు చాలవఱకు చేతిపని. ఒక దానివలె మఱియొకటి యుండదు. యుద్ధసమయమున తుఫానులో చక్రము పట్టివేసినచో తెరచాప దిగదు, ఓడ మునుఁగును.

మార్క్ 1799 ఫిబ్రవరి నెలలో అమెరికాను విడిచి, మార్చి నెలలో ఇంగ్లండు చేరెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీని సోఫియాతో అతని వివాహము జరిగెను. ఆఱేండ్లు నిరీక్షించిన దంపతులకు చేత సొత్తు లేదు. ఉన్నది యంత్రముల పటముల కట్ట యొక్కటే. ఆ పటములను ఇనుములో పోసి చూపఁగల పనివాఁడెవ్వఁడని విచారింపఁగా హెన్రీ మాడ్‌స్లే పేరు వినవచ్చెను.

మాడ్‌స్లే సామాన్యుఁడు కాఁడు. అంతకుముందు తరిణి పట్టువాఁడు ఉలిని చేతితోనే పట్టుకొని తిరుగు ఇనుముపై ఒత్తెడివాఁడు. చేయి వణఁకినంత పని చెడెడిది. మాడ్‌స్లే ఉలిని ఇనుప పట్టులో బిగించి, ఆ పట్టును గాడిలో తిన్నగా జఱుగునట్లు చేసి, చేతి వణఁకును తొలఁగించెను. బ్రూనెల్ మొదట తన రహస్యము బయటపెట్టక విడివిడి భాగముల పటములను మాత్రమే చూపుచుండెను. కొన్ని పటములు చూచునప్పటికే ఇవి కప్పీలు చేయు యంత్రములని మాడ్‌స్లే కనిపెట్టెనఁట. అప్పటినుండి ఇరువురును మిత్రులైరి. ఒకని తలంపు, మఱియొకని చేయి.

అప్పటి కప్పీల గుత్తదారులు తమ పద్ధతికి మించినది లేదని బ్రూనెల్‌ను త్రోసిపుచ్చిరి. నౌకాదళపు పనుల పర్యవేక్షకుఁడైన సర్ శామ్యూల్ బెంథామ్ మాత్రము విలువ గుర్తించెను. ఈయనయు స్వయముగా కొయ్యపని యంత్రములను కల్పించినవాఁడు. అసూయపడక క్రొత్తవానికి దారియిచ్చెను. పోర్ట్స్‌మత్ నౌకాశ్రయమున యంత్రశాల నిర్మింపఁబడెను. 1803 మొదలు యంత్రములు ఒక్కటొక్కటిగా పనికి వచ్చెను. మొత్తము యంత్రములు 45. వానిలో రకములు 22.

ఈ యంత్రముల పనితీరు కొంచెము విపులముగా తెలిసికొనఁదగినది. మొదట పెద్ద దుంగను ముక్కలుగా కోయు రంపములు కలవు. కొన్ని ముందునకు వెనుకకు లాగునవి. కొన్ని చక్రమువలె తిరుగునవి. దుంగ బిగించి యుంచఁబడును. రంపమే దానియొద్దకు వచ్చును. కోసిన దిమ్మెను తొలిచెడి యంత్రములో ఒక మరతో నదిమి పట్టుదురు. ఆ పట్టు దిమ్మెమీఁద నియతమైన చోట్ల చిన్న గుంటలను ముద్రించును. ఇదియే బ్రూనెల్ బుద్ధిసూక్ష్మత. తరువాతి యంత్రములన్నియు ఆ గుంటలలోనే తమ పట్లను ఆనించును. కొలబద్ద యక్కఱలేదు, గీఁత యక్కఱలేదు. మొదటి యంత్రములో దిమ్మె యెట్లు నిలిచెనో తరువాతివానిలోను సరిగా నట్లే నిలుచును. మూలలు కోయునది యొకటి, గాడి తొలుచునది యొకటి, గుండ్రముగా చెక్కునది యొకటి. ఈ కడపటి యంత్రములో పది దిమ్మెలను రెండు పెద్ద చక్రముల నడుమ బిగించి ఒక్కసారిగా త్రిప్పుచు చెక్కుదురు. దిమ్మె జాఱినచో ఫిరంగిగుండువలె ఎగిరిపోవును గనుక, చుట్టును ఇనుప కమ్ముల పంజరమమర్చిరి.

110 మంది నేర్పరులైన పనివారు చేయు పనిని ఈ యంత్రములతో 10 మంది కొత్తవారు చేయఁగలిగిరి. 1808వ సంవత్సరములో 1,30,000 కప్పీలు తయారైనవి. దేశమునకు లాభము కలిగెను. పని పోయిన నేర్పరుల గతి యేమయ్యెనో లెక్కలు వ్రాసినవారు వ్రాయలేదు. బ్రూనెల్‌కు రావలసిన ప్రతిఫలముకూడ ఏండ్ల తరబడి కాగితములమీఁద తిరిగి తిరిగి, తుదకు సుమారు 17,000 పౌనులు చేతికి వచ్చెను. ఈలోపల 1806 ఏప్రిల్ 9వ తేదీని పోర్ట్స్‌మత్‌లోనే కుమారుఁడు ఇసంబార్డ్ జన్మించెను.

ఇఁక బ్రూనెల్ దృష్టి రంపముమీఁద పూర్తిగా నిలిచెను. లండను సమీపమున థేమ్స్ నది యొడ్డున బాటర్సీ యను చోట అతఁడు భాగస్థులతో కూడి ఆవిరి రంపముల కర్మాగారమును నెలకొల్పెను. అచ్చటి ముఖ్యమైన పని విలువగల కొయ్యలను కాగితమువంటి పలుచని రేకులుగా కోయుట. సామాన్యపు కొయ్యతో చేసిన బల్లలకు, బీరువాలకు పైన ఈ రేకును అతికించినచో అవి మేలైన కొయ్యతో చేసినట్లే కనఁబడును. అంగుళములో పదునాఱవ వంతు మందమున రేకు కోయవలెను. అలుఁగు వెండ్రుకవాసి ప్రక్కకు జఱిగినను రేకు చినిఁగిపోవును.

వెడల్పైన దుంగను కోయుటకు పెద్ద చక్రపు రంపము కావలెను. పెద్దదైన కొలఁది అలుఁగు ఊఁగును. ఊఁగకుండ దళసరిగా చేసినచో కోఁతలోనే విలువైన కొయ్య పొట్టై పోవును. ఈ చిక్కును బ్రూనెల్ ఎట్లు విడఁదీసెనో చూడుఁడు. అతఁడు అలుఁగునంతను ఒకే యుక్కు రేకుతో చేయలేదు. నడుమ గట్టి యినుప చక్రమును పోఁతపోయించి, దాని యంచునకు పలుచని యుక్కు తునకలను వరుసగా మరమేకులతో బిగించెను. ఒక తునక పండ్లు విఱిగినచో దానిని మాత్రము విప్పి క్రొత్తది బిగింపవచ్చును. చక్రము అంచున పలుచన, నడుమకు పోయినకొలఁది దళసరి. తెగిన రేకు పలుచనిది గనుక ఆ దళసరి భాగము తగిలినప్పుడు మెల్లగా వంగి ప్రక్కకు తొలఁగిపోవును. దుంగ మాత్రము కదలదు. ఇట్టి రంపములలో పెద్దవి 18 అడుగుల వ్యాసము గలవి. మూఁడు నిలువుల మనిషి యెత్తు! అవి నిశ్చలముగా నిలిచినట్లు తిరుగుచుండఁగా రేకులు పట్టుచీరవలె జాఱుచుండుట చూచుటకై దూరమునుండి జనులు వచ్చుచుండిరి.

నేఁడు వడ్రంగి చేతఁబట్టుకొని నడపు చిన్న విద్యుద్రంపమును చూచినచో ఈ సూత్రమే కనఁబడును. చక్రపుటలుఁగు నడుమ రంధ్రముండును. దానిని ఇరుసునకు తొడిగి, ఇరువైపుల రెండు ఇనుప బిళ్లలుంచి, ఒక మరమేకుతో బిగింతురు. ఆ మరమేకు తిప్పుదలను అలుఁగు తిరుగు దిశను గమనించి యేర్పఱతురు. పని జరిగినకొలఁది అది బిగియవలెనే గాని వదులు కాఁగూడదు. అలుఁగు మార్చునపుడు ఇరుసు తిరుగకుండ పట్టుకొను మీట యొకటి చాల రంపములందు కలదు. తెలివిగల పనివాఁడు విద్యుత్తీఁగను ఊడఁదీసిన పిమ్మటనే ఆ మీటమీఁద చేయి వేయును. బ్రూనెల్ కాలమున చేతిలో పట్టు ఇట్టి సాధనము లేదు. కాని తిరుగు అలుఁగునకు పట్టే ప్రాణమని అతఁడు 18 అడుగుల చక్రముతో నిరూపించెను. చాథమ్ నౌకాశ్రయమున ప్రభుత్వమువారి రంపపు కర్మాగారమును కూడ అతఁడే నిర్మించెను.

1809లో స్పెయిన్ యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులను బ్రూనెల్ చూచెను. వారి కాళ్లకు చెప్పులకు మాఱుగా పేలికలు చుట్టఁబడియుండెను. గుత్తదారులు సరఫరా చేసిన బూట్లు కొలఁది దినములలోనే ఊడిపోయినవి. బ్రూనెల్ మనసు కరఁగెను. తోలును పట్టులో బిగించి, అడుగుభాగమును కుట్టుటకు బదులు చిన్న మేకులతో పైభాగమునకు కలుపు యంత్రములను కల్పించెను. యుద్ధములో అంగహీనులైన సైనికులనే పనిలో నియమించెను. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్నపని చేయుచు దినమునకు నూరు జతలకు తక్కువ కాకుండ తయారు చేయుచుండిరి. ప్రభుత్వము కొనుచుండెను. 1815లో వాటర్లూ యుద్ధముతో శాంతి యేర్పడెను. అందఱకు మేలైన యా శాంతి బ్రూనెల్‌కు కీడయ్యెను. బూట్లు కొనువారు లేరు. కొట్లలో గుట్టలు మిగిలినవి.

అంతకు ముందే, 1814 ఆగస్టు 30వ తేదీ రాత్రి, బాటర్సీలో నిప్పంటుకొని కర్మాగారములో చాలభాగము బూడిదయ్యెను. దానిని మరల కట్టుటకు పూనుకొని లెక్కలు చూడఁగా, వ్యాపారము లోపల గుల్లయై యుండెను. అలుఁగును వెండ్రుకవాసి కదలనీయని బ్రూనెల్, తన సొమ్ము ఏ దారిని పోవుచున్నదో చూచుకొనలేదు. లెక్కల పుస్తకము తెఱచుట అతనికి చిన్ననాఁటి లాటిను పాఠమువంటిది. ఇది అతని దోషమే. రంపములను నమ్మినట్లు మనుష్యులనుకూడ నమ్మెను.

అప్పు పెరిగెను. ఆ కాలపు చట్టము ప్రకారము అప్పు తీర్పలేనివానిని చెఱసాలయందుంచెడివారు. 1821 మే నెలలో బ్రూనెల్‌ను లండనులోని కింగ్స్ బెంచి కారాగృహమునకు కొనిపోయిరి. ఫ్రాన్సు చెఱసాలయందు మృత్యువు నెదుర్కొన్న సోఫియా ఈ చెఱసాలకు తనంత తానుగా భర్తవెంట వచ్చెను. ఆమె యొక మూల కూర్చుండి అతని మేజోళ్లు కుట్టుచుండెను. అతఁడు ఎదుట బల్లపై పటములు గీయుచుండెను. ఇట్లు దాదాపు మూఁడు నెలలు గడచెను. రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ 1814లో లండను వచ్చినప్పుడు బ్రూనెల్ పనులను మెచ్చుకొనియుండెను. బ్రూనెల్ ఆ దేశమునకు పోవుటకు సిద్ధపడుచున్నాఁడను వార్త వ్యాపింపఁగా, ఇట్టివానిని పోఁగొట్టుకొనరాదని వెల్లింగ్టన్ ప్రభువు మొదలగువారు ప్రభుత్వమును తొందరపెట్టిరి. ప్రభుత్వము 5,000 పౌనులిచ్చి అప్పు తీర్చెను. అతఁడు ఇంగ్లండులోనే యుండవలెనను షరతు మాత్రము విధించెను. తుదిదాఁక అతఁడు ఆ షరతును పాటించెను.

చాథమ్‌లో పని చేయుచున్న దినములలో బ్రూనెల్‌కు ఒక పురుగు కంటఁబడియుండెను. అది ఓడల కొయ్యను తొలిచెడి సముద్రపు పురుగు. దాని తలకు రెండు చిన్న చిప్పలుండును. వానితో కొయ్యను ఆకురాయివలె అరుగదీయును. అది ముందునకు పోవుచు వెనుక రంధ్రపు గోడకు సున్నపు పూఁత పూయును, గోడ కూలదు. నౌకాదళమువారు ఓడలకు శత్రువని ఆ పురుగును తిట్టుచుండిరి. బ్రూనెల్ దానిని గురువుగా గ్రహించెను. తొలిచెడి పరికరమునే గాక తొలువఁబడు వస్తువును కూడ పట్టుకొని యుంచు యంత్రమొకటి కావలెనని తోఁచి, 1818లో దానికి హక్కుపత్రము పొందెను.

లండనులో థేమ్స్ నది క్రిందుగా సొరంగము త్రవ్వవలెనని 1825లో పని మొదలయ్యెను. అంతకు ముందు ఇతరులు చేసిన ప్రయత్నములు విఫలమైనవి. నది యడుగున బురద, ఇసుక. త్రవ్విన కొలఁది కూలును. బ్రూనెల్ కల్పించిన యినుప కవచమున 12 చట్రములు ప్రక్కప్రక్కన నుండును. ఒక్కొక్క దానిలో ఒకదానిపై నొకటిగా మూఁడు గదులు. మొత్తము 36 గదులు, గదికొక పనివాఁడు. పనివాని యెదుట మట్టిని అదిమి పట్టుచు సన్నని పలకలు వరుసగా నుండును. ప్రతి పలకను వెనుకనుండి మరలు నొక్కిపట్టును. పనివాఁడు ఒక్క పలకను మాత్రము విప్పి, అచ్చట నాలుగున్నర అంగుళముల మట్టిని తీసి, పలకను ముందునకు జరిపి మరల బిగించును. తరువాత క్రింది పలక. ఒకేసారి రెండు పలకలు విప్పరాదు. పలకలన్నియు జరిగిన పిమ్మట చట్రమును పెద్దమరలతో ముందునకు త్రోయుదురు. వెనుక తాపీపనివారు ఇటుకగోడ కట్టుచు వత్తురు. కవచమును పోఁతపోసి యిచ్చినది మాడ్‌స్లే కర్మాగారమే.

ఈ పనిలోని కష్టము వర్ణనాతీతము. పైన నది, ఆ నదిలో మహానగరపు మురుగు. పైనుండి కాఱు నీటివలన పనివారికి జ్వరములు, కంటిజబ్బులు కలిగెను, విషవాయువులకు మూర్ఛిల్లిరి. 1827 మే 18వ తేదీని నది సొరంగములోనికి చొరఁబడెను. మట్టిసంచులతో నది యడుగు గుంటను పూడ్చి, నీరు తోడి, పని సాగించిరి. 1828 జనవరి 12వ తేదీని నది మరల చొరఁబడి ఆఱుగురను పొట్టఁబెట్టుకొనెను. పనిని పర్యవేక్షించుచున్న కుమారుఁడు ఇసంబార్డ్ చావు తప్పి బయటపడెను. ధనము అయిపోయెను. కవచమునకు ముందు గోడ కట్టి, సొరంగమును ఏడేండ్లు మూసివైచిరి.

అప్పటికి బ్రూనెల్ వయస్సు అఱువది. ఆశ విడువక ప్రభుత్వము చుట్టు తిరిగి, ఋణము సంపాదించి, 1835లో పని మరల మొదలిడెను. పాత కవచమునకు బదులు మేలైన క్రొత్త కవచమును దింపెను. ఆ తరువాతకూడ నది పలుమాఱులు లోఁజొచ్చెను. రాత్రివేళ రెండేసి గంటలకొకసారి సొరంగములోని మట్టి నమూనాను అతని పడకగదికి పంపెడివారు. అతఁడు లేచి దీపపు వెలుతురులో మట్టిని వ్రేళ్లతో నలిపి చూచి పనివారికి ఆజ్ఞ పంపి మరల పండుకొనెడివాఁడు. 1841లో విక్టోరియా రాణి అతనికి సర్ బిరుదమిచ్చెను. 1843 మార్చి 25వ తేదీని సొరంగము ప్రజలకు తెఱవఁబడెను. బండ్లు దిగుటకు వాలుదారులు కట్టుటకు ధనము చాలనందున మనుష్యులు మాత్రమే నడచిరి. 1869 నుండి అందు రైళ్లు నడచుటకు మొదలిడెను, నేఁటికిని నడచుచున్నవి.

పని పూర్తియగునప్పటికి బ్రూనెల్ శరీరము శిథిలమయ్యెను. 1845లో పక్షవాతము తగిలి కుడిప్రక్క పడిపోయెను. పటములు గీసిన చేయి కదలకుండెను. సోఫియా అతనికి పరిచర్య చేయుచుండెను. 1849 డిసెంబరు 12వ తేదీని ఎనుబదియవ యేఁట అతఁడు లండనులో మరణించెను. కెన్సల్ గ్రీన్ శ్మశానమున అతనిని సమాధి చేసిరి. 1855లో సోఫియాను, 1859లో కుమారుని అచ్చటనే సమాధి చేసిరి.

బాటర్సీ కర్మాగారము నేఁడు లేదు. పోర్ట్స్‌మత్ యంత్రశాలలో మాత్రము తెరచాపల యోడలు పోయి, ఆవిరి యోడలు వచ్చిన పిదపను కప్పీల పని చాలకాలము జరిగెను. కొన్ని యంత్రములు తమ పాత పట్లతోనే దిమ్మెలను బిగించి పట్టుచు 1965 వఱకు పనిచేసినవి. వానిలో కొన్నిటిని లండనులోని విజ్ఞాన ప్రదర్శనశాలలో భద్రపఱచిరి.